నా ఓటు లోయీ ఫుల్లర్‌కే

"ఆధునిక నృత్యం అనగానే అందరూ ఇసడోరా డంకన్ పేరే చెబుతారు, ఆవిడకు ముందు ఇంకెవరూ లేరా?" అని అడిగారు. ఎందుకు లేరు? లోయీ ఫుల్లర్ ఉంది. ఇద్దరూ అమెరికావాళ్లే, ఇద్దరికీ పేరొచ్చింది మాత్రం యూరప్‌లో. 1902లో డంకన్‌ని తన బృందంతో పాటు వియన్నా తీసుకెళ్లి పెద్దవాళ్ల ముందు నిలబెట్టింది ఈ ఫుల్లరే. కొన్నాళ్లకే డంకన్ ఆ బృందం వదిలేసి తన దారి తను చూసుకుంది. ఇప్పుడు పుస్తకాల్లో ఎవరి బొమ్మ ముందుంటుందో మీకు తెలిసిందే.

నేను డాన్సర్‌ని కాను. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నాటకాలకీ కూచిపూడి ప్రదర్శనలకీ లైటింగ్ చేస్తుంటాను. అందుకే ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. ఉంటే ఉండనివ్వండి.

ఫుల్లర్ 1862లో షికాగో దగ్గర పుట్టింది. చిన్నప్పటి నుంచీ నాటకాల్లో వేషాలు వేసిందే తప్ప డాన్సు పద్ధతిగా నేర్చుకోలేదు. గజాలకొద్దీ తెల్లటి పట్టుబట్ట ఒంటికి చుట్టుకుని, దాని లోపల రెండు కర్రలు కుట్టించుకుని, చీకట్లో చేతులు తిప్పేది. ఆ బట్ట మీద రంగు లైట్లు పడేవి. మనిషి మాయమై పువ్వో, సీతాకోకచిలుకో, మంటో కనిపించేది. స్టేజీ నేలలో గాజు పలక బిగించి కింద నుంచి కూడా లైటు వేయించింది. బట్టలో కర్రలు అమర్చే పద్ధతికి 1894లో అమెరికాలో పేటెంట్ తీసుకుంది. అంతకుముందు 1892లో, తన డాన్సును కాపీ కొట్టారని న్యూయార్క్‌లో కోర్టుకెళితే, ఇందులో కథ లేదు, పాత్ర లేదు, కాబట్టి కాపీరైట్ రాదు అన్నారు. అదే ఏడాది పారిస్ వెళ్తే అక్కడి ఫోలీ బెర్జేర్ అనే థియేటర్‌లో అప్పటికే వేరే ఆవిడ ఈ డాన్సు చేస్తోంది! ఆ స్థానం సంపాదించి, మొదట్లో ఆ నకలు చేసేవిడ పేరు మీదే ఆడాల్సి వచ్చింది ఫుల్లర్‌కి. మన దగ్గర 1957 చట్టంలో నృత్య రచనకు కాపీరైట్ ఉంది, కాకపోతే అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. మన మాస్టార్లలో ఎంతమంది రాసి పెట్టుకుంటారు చెప్పండి? వాళ్లు కట్టిన జతులు పక్క ఊరి వార్షికోత్సవంలో వేరే వాళ్ల పేరుతో వినిపిస్తుంటాయి.

మాటలో మాట, ఒకసారి ఓ ఇంజనీరింగ్ కాలేజీ యాన్యువల్ డేకి ఒకమ్మాయి ఈ ఫుల్లర్ డాన్సు చేస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెదురు బద్దలు, తెల్ల జార్జెట్, వెనక నల్ల తెర, రెండు పక్కలా వింగ్స్‌లో ఫోకస్ లైట్లు, వాటి ముందు రంగు రంగుల జెలటిన్ పేపర్లు. రిహార్సల్లో పాట సగం కాకుండానే ఆ పిల్ల చేతులు కిందికి వాలిపోయాయి. "భుజాలు ఊడిపోతున్నాయంకుల్" అంది. చూడ్డానికి గాల్లో తేలినట్టుంటుంది గానీ అది కూలిపని. అయినా పట్టు వదల్లేదు. ప్రోగ్రాం రోజు హాలంతా చీకటి చేసి నీలం వేశాను, మెల్లగా ఎరుపుకి తెచ్చాను. బట్ట సుడి తిరుగుతూ పైకి లేచింది. వెనక బెంచీల ఈలలు కూడా ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడు వీడియో తీసే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు: "అన్నా, మొహం కనపడట్లేదు, ట్యూబులెయ్యి." మొహం కనపడకపోవడమే ఈ డాన్సురా నాయనా అంటే వినడే! ఈలోగా కమిటీ పెద్దాయనెవరో స్విచ్చులన్నీ నొక్కేశాడు. తెల్లటి ట్యూబులైట్ల కింద ఆ పిల్ల దుప్పటి దులుపుతున్నట్టు కనిపించింది.

ఆహ్వాన పత్రికలో షామియానా వాళ్ల పేరు కూడా వేశారు, లైటింగ్ ఎవరో వేయలేదు. ఎప్పుడూ ఇంతే. ఫుల్లర్ అలా కాదు, లైట్లవాళ్లను పక్కన పెట్టుకునే ఆలోచించేది. రేడియంతో మెరిసే రెక్కలు కావాలని, ఆ రేడియం కనిపెట్టిన క్యూరీ దంపతులకు ఉత్తరం రాసింది. అది కుదరదని వాళ్లు చెప్పాక, ఒకరోజు తన ఎలక్ట్రీషియన్లను వెంటబెట్టుకుని వాళ్లింటికే వెళ్లి, అక్కడే లైట్లు బిగించి ఆడి చూపించింది. డాన్సంటే పాదాలే అనుకునేవాళ్లు డంకన్ దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో కరెంటు లైటు తానే డాన్సు చేసిన రోజే ఆధునిక నృత్యం పుట్టింది, అలా చేయించింది ఈవిడే. 1900 పారిస్ ప్రపంచ ఎగ్జిబిషన్‌లో ఆవిడకు సొంత థియేటరే ఉండేది, జపాన్ నటి సదా యాకో ఆడింది అందులోనే.

1928 జనవరి 1న పారిస్‌లోనే పోయింది. యూట్యూబ్‌లో ఆవిడ పేరు కొడితే వచ్చేవాటిలో సినిమా పుట్టిన కొత్తలో ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు తీసిన చిన్న సినిమా ఒకటి, ఒక్కో ఫ్రేముకీ చేత్తో రంగులద్దింది. చూడండి, బాగుంటుంది. కానీ అందులో ఉన్నది ఫుల్లర్ కాదు, ఆవిడని అనుకరించిన ఇంకో డాన్సర్.