మౌత్‌పీస్ కొనబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సికింద్రాబాద్ వెళ్లి నీ సాక్సోఫోన్‌కి మెటల్ మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే భాగం) కొంటానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. తొందరపడకురా. నువ్వు ఎక్కువగా వాయించేది ఎక్కడ? బరాత్‌లోనా, చర్చిలోనా, కచేరీలోనా?

నడిరోడ్డు మీద మర్ఫా మోతలో నీ ఆల్టో సాక్స్ వినిపించాలంటే మౌత్‌పీస్ లోపల బాఫిల్ (గాలి దారి పైగోడ) ఉబ్బెత్తుగా ఉన్నది కావాలి. గాలి ఇరుకు దారిలో వేగంగా వెళ్లి శబ్దానికి పదును వస్తుంది. ఆ పదును లోపలి ఆకారం వల్లే ఎక్కువ, మెటల్ వల్ల కాదు. ఎబొనైట్‌లోనూ, అంటే గట్టి రబ్బరులోనూ, అలాంటివి ఉన్నాయి. ఆదివారం చర్చిలో అదే పెట్టి ఊదావంటే పాడేవాళ్ల గొంతులు వినపడవు.

నువ్వు నేర్చుకుంటున్నది కర్ణాటక సంగీతం కాబట్టి నీకు గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, ముఖ్యం. సాక్సోఫోన్ విద్వాంసులు కద్రి గోపాల్‌నాథ్ గారి రికార్డింగులు వింటావుగా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ఎక్కడా తెగదు. ఇక్కడ చూడాల్సింది టిప్ (కొస) దగ్గర రీడ్‌కూ (ఊదితే కంపించే పలుచని రెల్లు ముక్క) మౌత్‌పీస్‌కూ మధ్య ఉండే సందు. నీ దగ్గరున్న యమహా 4సీ మౌత్‌పీస్‌లో అది 1.6 మిల్లీమీటర్లు. సెల్మర్ ఎస్80 సీ స్టార్‌లో 1.7. మేయర్ 6లో 1.9 దాటుతుంది. సందు పెరిగేకొద్దీ స్వరాన్ని వంచడం సులువు, కానీ శ్రుతి నిలబెట్టే భారమంతా నీ పెదవుల మీదే. నా మాట వింటే 1.7, 1.9 మధ్యలో చూడు. ఒక కంపెనీ 5 నంబరు ఇంకో కంపెనీ 5తో సమానం కాదు, నంబరు చూసి మోసపోకు. సందు పెద్దదైతే రీడ్ మెత్తబడాలి. ఇప్పుడు 3 నంబరు రీడ్ వాడుతున్నావంటే రెండున్నర కూడా పట్టుకెళ్లు.

షాపులో వాళ్ల సాక్స్ వద్దు, నీదే తీసుకెళ్లు. అందరూ ముందు గట్టిగా ఊది మురిసిపోతారు. నువ్వు అడుగున ఉన్న బి ఫ్లాట్ మెల్లగా పట్టు. గరగరమనకుండా, పైస్థాయికి ఎగిరిపోకుండా పలికిందా? తర్వాత తోడి రాగంలో గాంధారం ఊపి చూడు. దవడ బిగుసుకుంటే పక్కన పెట్టేయ్. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకో గానీ, కళ్లు దాని మీదే ఉంచకు.

ఎబొనైట్‌ది తెచ్చుకుంటే వేడి నీళ్లతో కడగకు, మే నెల ఎండలో బైక్ డిక్కీలో వదిలేయకు. పచ్చబడి గంధకం వాసన కొడుతుంది. 4సీని మాత్రం అమ్మేయకు, కొత్తది అలవాటయ్యేదాకా చర్చికి దాంతోనే వెళ్లు.

మీ పెదనాన్న