గుండె మీద ఆఫ్టర్‌లోడ్ ఎక్కువైందంటే ఏమిటి? ఆస్పిరిన్ వేస్తే తగ్గుతుందా?

ఒడిశాలోని గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు, బీపీ 160/100, ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె గోడ మందం 13 మి.మీ. ఆఫ్టర్‌లోడ్, అంటే రక్తాన్ని బయటికి తొయ్యడానికి గుండె ఎదుర్కొనే భారం, ఎక్కువైందని డాక్టరు చెప్పారట. ఆస్పిరిన్‌తో రక్తం పలచబడితే ఆ భారం తగ్గదా అని అడుగుతున్నారు.

తగ్గదు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, అంతవరకే దాని పని. రక్తం చిక్కదనం ముందెంతో తర్వాతా అంతే. భారం ఎక్కువగా ఉండేది మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని ఆర్టీరియోల్స్‌లో, అంటే ధమనుల చివర ఉండే సన్నటి నాళాల్లో. వాటి గోడల్లో కండరం ఉంటుంది, అది బిగుసుకుంటే దారి ఇరుకవుతుంది. వ్యాసార్థం 10 శాతం తగ్గితే నిరోధం 50 శాతం పెరుగుతుంది. సగానికి తగ్గితే 16 రెట్లు. గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) వాడినా, సెమిలిగుడ వైపు తెల్లారగట్ల చలిలో తిరిగినా బిగుసుకునేవి ఈ సన్నటి నాళాలే.

ఒంటికంతా రక్తం పంపే గుండె కింది గది, అంటే ఎడమ జఠరిక, ముడుచుకోవడం మొదలుపెట్టగానే రక్తం బయటికి పోదు. బృహద్ధమనిలో కింది బీపీ 80 ఉంటే, లోపలి ఒత్తిడి 80 దాటేదాకా ఆ రెండిటి మధ్య తలుపు, అంటే అయోర్టిక్ వాల్వు, తెరుచుకోదు. మీ నాన్నగారి విషయంలో 100 దాటాలి. అవతల మనిషి ఆనుకుని నిలబడ్డ తలుపును నెట్టినట్టు, ఒక్క చుక్క కదలకముందే బలం ఖర్చవుతుంది. గోడ మీద పడే ఒత్తిడి లెక్క ఇది: లోపలి పీడనాన్ని గది వ్యాసార్థంతో గుణించి, గోడ మందానికి రెట్టింపుతో భాగించాలి. పీడనం పెరిగితే గోడను మందం చేసుకుని గుండె ఆ లెక్క సరిచేసుకుంటుంది. మామూలుగా 6 నుంచి 10 మి.మీ. ఉండే గోడ 13 అయిందంటే ఈ సర్దుబాటు చాలాకాలంగా నడుస్తోందన్నమాట. దాని ఖరీదు తర్వాత తెలుస్తుంది. మందమైన గోడ సరిగా వదులవ్వదు, ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది, లోపలి పొరకు రక్తం చాలదు.

ఎకో రిపోర్టులో అయోర్టిక్ వాల్వు గురించి రాసిన వరుస తప్పకుండా చదివించుకోండి. వాల్వు ఇరుకైతే చేతికి కట్టిన కఫ్ 120 చూపిస్తుంటే జఠరిక లోపల 170 ఉండొచ్చు. వాల్వు వైశాల్యం 1 చదరపు సెం.మీ. కంటే తక్కువన్నా, సగటు గ్రేడియంట్ (వాల్వుకు ఇటూ అటూ ఒత్తిడిలో తేడా) 40 దాటిందన్నా అది మాత్రలతో తేలే సంగతి కాదు. అందుకే బీపీ నంబరు ఒక్కటే చూసి గుండె భారం కొలిచేసే వాళ్ల మాట నేను పట్టించుకోను.

బీపీ మాత్ర మానేస్తే ఏమవుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలియాలి. పెళ్లిభోజనంలో ఎండుచేప, ఆవకాయ, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, పైగా నాలుగు రోజులుగా మాత్ర లేదు. అర్ధరాత్రి దాటాక మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చుంటాడు. పడుకోలేడు, చల్లటి చెమటలు, ఛాతీలో గురగుర, ముదిరితే గులాబీరంగు నురగ. బీపీ 220/120. నాళాలు బిగుసుకోవడంతో గుండె ముందుకు తొయ్యలేని ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల్లోకి తిరుగుతుంది, అక్కడ నీరు చేరుతుంది. ఆస్పత్రిలో చేసేది కూర్చోబెట్టి ఆక్సిజన్, నైట్రోగ్లిజరిన్ డ్రిప్, నరంలోకి నీరు తీసే ఫ్యూరోసెమైడ్, అవసరమైతే గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మాస్కు ముఖానికి. ఇంట్లో చేసే తప్పు ఆటో వెనకసీట్లో వెల్లకిలా పడుకోబెట్టడం. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

అంతకంటే పెద్ద తప్పు దారిలో ఆపి సెలైన్ ఎక్కించడం. మన ఊళ్లలో నీరసం అంటే చాలు, సీసా వేలాడుతుంది. అర లీటరు సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ తినమన్నది 5 గ్రాముల లోపే. నిఫెడిపిన్ గుళిక చిదిమి నాలుక కింద పిండే అలవాటు ఇంకా పోలేదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతమో, గుండెపోటో రావచ్చు.

భారాన్ని నిజంగా తగ్గించే మందులు వేరు. అమ్లోడిపిన్ ఆర్టీరియోల్స్ కండరాన్ని వదులు చేస్తుంది. ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు తీసుకుంటుంది కాబట్టి ఒకరోజు మానితే తేడా కనిపించదు. జనం మోసపోయేది అక్కడే. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి బీపీతోపాటు మందమెక్కిన గోడనూ నెలల మీద కొంత పలచన చేస్తాయి. ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు వస్తే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి, దగ్గు సిరప్‌తో కప్పిపుచ్చకూడదు. ఇంట్లో బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది.

ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు) ఉంటే ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడి జఠరిక సంగతి కూడా ఎకోలో అడగండి. కోరాపుట్, రాయగడ కొండల్లో ఈ జబ్బు మామూలే. ఎర్రకణాలు చిట్లి బయటపడే హిమోగ్లోబిన్, నాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను తినేస్తుంది, ఊపిరితిత్తుల నాళాలు బిగుస్తాయి. అక్కడి సగటు పీడనం మామూలుగా 14 దగ్గర ఉంటుంది, 20 దాటితే జబ్బే. పలచటి కుడి గోడ దాన్ని ఎక్కువకాలం మొయ్యలేదు, చేతి బీపీలో మాత్రం ఏమీ కనబడదు.

ఇక సరిహద్దు జిల్లాల ప్రత్యేక తిప్పలు. రాయగడలోనో బరంపురంలోనో ఒక చీటీ, పార్వతీపురంలోనో విశాఖలోనో ఇంకో చీటీ. రెండిట్లో బ్రాండ్ పేర్లు వేరు, లోపలి మందు అదే అమ్లోడిపిన్. రెండూ వేసుకుని చీలమండలు వాస్తే కిడ్నీలు పోయాయని భయపడి నీటి మాత్ర మొదలెడతారు. అమ్లోడిపిన్ వాపు ఆ మాత్రకు సరిగా తగ్గదు, డాక్టరుకు చెప్పి డోసు తగ్గించుకోవాలి లేదా మందు మార్పించుకోవాలి. నాన్నగారి స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరూ పవరూ ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అది చూపించండి. టెల్మిసార్టన్ కొత్తగా మొదలైతే వారం రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం చేయించండి. ఉప్పు మానాలని పొటాషియం ఉండే ‘లో సోడియం’ ఉప్పు కొన్నారా, ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.