నాబ్ తిప్పితే రివర్బ్ ఎందుకు కదలదు?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. ఊళ్లో భజన బృందాల పాటలు ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని రికార్డు చేస్తుంటాను. ఈమధ్య ఎనిమిది నాబ్‌లున్న చిన్న మిడి కీబోర్డు (తాను పలకదు, ఏ కీ నొక్కామో కంప్యూటర్‌కి చెప్పేది) కొన్నాను. కీలు నొక్కితే హార్మోనియం పలుకుతోంది. నాబ్‌లు తిప్పితే మాత్రం రివర్బ్ ప్లగిన్‌లో, అదే, గొంతుకి పెద్ద హాల్లో పాడినట్టు మారుమోత ఇచ్చే దాంట్లో, ఏమీ కదలదు. నాబ్‌ని మీటకి కట్టే 'లెర్న్' నొక్కినా పట్టుకోవడం లేదు. కీబోర్డే పాడైందా? మార్చాలంటే బరంపురం రావాలి.
– గజపతి జిల్లా పాఠకుడు

జవాబు: అప్పుడే బస్సెక్కకు తమ్ముడూ! కీలు పలుకుతున్నాయంటే కేబుల్ బాగానే ఉంది, ల్యాప్‌టాప్ కీబోర్డుని గుర్తుపట్టింది కూడా. రీపర్‌లో ప్రతి మిడి పరికరానికీ రెండు అనుమతులుంటాయి: ఒకటి స్వరాలు పలికించడానికి, ఇంకోటి నాబ్‌తో మీటలు కదపడానికి. ప్రిఫరెన్సెస్‌లో మిడి పరికరాల జాబితా తెరిచి, నీ కీబోర్డు పేరు మీద రైట్ క్లిక్ చెయ్యి. 'ఎనేబుల్ ఇన్‌పుట్'కి ఇప్పటికే టిక్ ఉంటుంది. దాంతోపాటు 'ఎనేబుల్ ఇన్‌పుట్ ఫర్ కంట్రోల్ మెసేజెస్'కి కూడా టిక్ పెట్టు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి కేసుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత రివర్బ్‌లో నీకు కావలసిన మీటను మౌస్‌తో ఒకసారి కదిపి, ప్లగిన్ కిటికీ పైనున్న 'పారమ్' బటన్‌లో లెర్న్ తెరిచి, నాబ్ తిప్పు. ఆ లెర్న్ కిటికీలోనే 'సాఫ్ట్ టేకోవర్' అని ఉంటుంది, తప్పకుండా పెట్టుకో. ఎందుకంటావా? తెర మీద రివర్బ్ పావు దగ్గర ఉంటుంది, నీ నాబ్ మాత్రం నిన్నటి పాటకి తిప్పినచోటే, కుడివైపు చివర్న ఉంటుంది. వేలు తగలగానే పాడేవాళ్ల గొంతు గుహలో పడ్డట్టవుతుంది. సాఫ్ట్ టేకోవర్ ఉంటే, నాబ్ తెర మీది విలువను దాటేదాకా ఏమీ కదలదు.

ఇంకో చిక్కుంది. కొన్ని కీబోర్డుల్లో నాబ్‌లకు కంపెనీవాళ్లే 1 నుంచి 8 వరకు అంకెలిచి పంపిస్తారు. నాబ్ తిప్పినప్పుడు ఆ అంకెతోనే సందేశం వెళ్తుంది. మిడిలో 1 మాడ్యులేషన్ (స్వరాన్ని వణికించడం లాంటిది), 7 వాల్యూమ్. హార్మోనియం ట్రాక్ రికార్డుకి సిద్ధంగా ఉన్నప్పుడు ఏడో నాబ్‌ని రివర్బ్ కోసం తిప్పితే, హార్మోనియం కూడా తగ్గిపోవచ్చు. కీబోర్డుతో వచ్చిన ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెల్ని 20 నుంచి 27కి మార్చుకో. ఆ అంకెలకి మిడిలో ముందే కట్టిపెట్టిన పనేమీ లేదు.

ఎనిమిది ఉన్నాయి కదా అని ఎనిమిదింటికీ పని చెప్పకు. కంప్రెసర్ రేషియోకి (గట్టి శబ్దాన్ని ఎంత అణచాలో చెప్పేది) నాబ్ పెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఒకసారి చెవితో విని వదిలేసే దానికి నాబ్ ఎందుకు? భజనకి నేను పెట్టేవి మూడే: గొంతు మీద రివర్బ్, డిలే ఫీడ్‌బ్యాక్ (మాట ఎన్నిసార్లు తిరిగి వినిపించాలో చెప్పేది), శ్రుతి వాల్యూమ్. పాట నడుస్తుండగా చేత్తో కదపాల్సినవి అవే. పల్లవి చివరి మాట దగ్గర డిలే కాస్త పెంచి, కోరస్ అందుకునేలోపు దించెయ్యాలి. అది మౌస్‌తో కుదరదు.

శ్రుతి ట్యూనింగ్ మాత్రం నాబ్‌కి కట్టకు. మిడి వచ్చింది 1983లో, మామూలు నాబ్‌కి నేటికీ 0 నుంచి 127 వరకు 128 విలువలే. ఉదాహరణకి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా తిరిగే ఫిల్టర్‌ని (శబ్దంలో కొంత భాగాన్ని కోసేసేది) తీసుకో. సమాన నిష్పత్తిలో పంచినా ఒక్కో మెట్టు దాదాపు ఒక స్వరస్థానమంత! ప్లగిన్ తనంతట తాను నునుపు చేసుకోకపోతే, మెల్లగా తెరిచేటప్పుడు మెట్లు తెలిసిపోతాయి. ఎడిటర్‌లో నాబ్ హద్దులు తగ్గించినా లాభం లేదు, మెట్లు తగ్గుతాయే గానీ సన్నబడవు.

అంతా కుదిరాక ఆ ప్లగిన్ల వరసను రీపర్‌లో 'ఎఫ్ఎక్స్ చైన్'గా సేవ్ చేసుకో. లెర్న్ చేసినవీ దాంట్లోనే ఉంటాయి, ప్రతి పాటకీ మొదటినుంచి కట్టక్కర్లేదు.

ఇంతా చేశాక నాబ్ తిప్పితే విలువ పిచ్చిగా గెంతుతోందా? నీ నాబ్‌లు చివర్లో ఆగకుండా తిరుగుతూనే ఉండే రకమేమో చూడు. అలాగైతే లెర్న్ కిటికీలో 'ఆబ్సల్యూట్' తీసేసి 'రిలేటివ్' 1, 2, 3 ఒక్కొక్కటే పెట్టి చూడు.