ఆ ఒక్క వేలు సంగతి ముందు రాయి

తమ్ముడూ,

గిటార్ కార్డుల (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టుల) మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ 12 మేజర్, 12 మైనర్, మొత్తం 24 కార్డులకి వేళ్లెక్కడ పెట్టాలో చూపే బొమ్మలు వరసగా పెట్టి "ఇవి బట్టీ పట్టండి" అన్నావు చూడు, అక్కడే చదివేవాడు గిటార్ తీసుకెళ్లి మళ్లీ గోడకి తగిలించేస్తాడు. నేనూ అలా కొన్ని బట్టీ పట్టినవాణ్నే. కాలేజీ ఫంక్షన్‌కి ఒక పాట ఇ మేజర్‌లో సాధన చేశాం. తీరా స్టేజీ ఎక్కాక పాడే అమ్మాయి "అర శ్రుతి పెంచు" అంది. నాకొచ్చిన బొమ్మల్లో ఆ కార్డే లేదు. పాటంతా గిటార్ చెక్క మీద దరువేస్తూ నిలబడ్డాను.

కాబట్టి బొమ్మలన్నీ తీసెయ్. ఇ మేజర్ ఒక్కటి ఉంచి, అదెలా పుట్టిందో చూపించు. అన్నిటికంటే లావు తీగని ఏ ఫ్రెట్టూ (గిటార్ మెడ మీది మెట్టు) నొక్కకుండా మీటితే ఇ అనే స్వరం. దాన్నే షడ్జమం (స) అనుకో. అదే తీగ మీద 4వ ఫ్రెట్ నొక్కితే అంతర గాంధారం (పై గ), 7వ ఫ్రెట్‌లో పంచమం (ప). ముందు నాలుగు మెట్లు, తర్వాత మూడు: మేజర్. ముందు మూడు, తర్వాత నాలుగు ఎక్కితే మధ్యలో సాధారణ గాంధారం (ఒక మెట్టు కింది గ) తగులుతుంది: మైనర్. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడిన ప్రతి పిల్లకీ ఆ మేజర్ స-గ-ప నోట్లో నానినవే. మనవాళ్లకి అక్కణ్నుంచి చెప్పు. అలాగని మేజర్ కార్డంటే శంకరాభరణం అని రాసెయ్యకు. కల్యాణిలోనూ అవే మూడు స్వరాలున్నాయి. పైగా గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేకుండా రాగమేంటి!

ఇప్పుడు అసలు సంగతి. ఇ మేజర్ పట్టుకుని లావు తీగ నుంచి ఒక్కొక్కటే మీటు. స, ప, స, గ, ప, స. ఆరు తీగల్లో షడ్జమాలు మూడు, పంచమాలు రెండు, గాంధారం ఒక్కటే. అది సన్న తీగ వైపు నుంచి లెక్కిస్తే మూడో తీగ మొదటి ఫ్రెట్‌లో, నీ చూపుడు వేలి కింద ఉంది. ఆ వేలు ఎత్తెయ్, మిగతావి కదపకు. ఇ మైనర్. పెళ్లిపందిట్లో ఉన్నవాడివి అప్పగింతల దగ్గర తేలతావు. వ్యాసం మొదలుపెట్టాల్సింది ఇక్కడ.

తర్వాత ఇ మేజర్ ఆకారాన్నే మిగతా మూడు వేళ్లతో పట్టి, ఒక ఫ్రెట్ (అంటే అర శ్రుతి) ముందుకి జరిపి, చూపుడు వేలితో మొదటి ఫ్రెట్ మొత్తం అడ్డంగా అదిమితే ఎఫ్ మేజర్. ఆ రోజు ఆ అమ్మాయి అడిగింది ఇదే!

సెవెన్త్ కార్డుల (ఈ మూడు స్వరాలకి నాలుగోది కలిపేవి) జోలికి ఇప్పుడే పోకు. గాంధారం బదులు శుద్ధ మధ్యమం (మ) పెడితే సస్‌ఫోర్ అనే కార్డు అని ఒక్క వాక్యం చాలు.

గిటార్ ఒళ్లో పెట్టుకునే రాయి. ఎఫ్ మొదట్లో పలకదు, తీగలు టపటపమంటాయి, వేలు మండుతుంది. అది కూడా చెప్పు, లేకపోతే గిటారే పాడైందనుకుంటారు.

తిరగరాసి పంపు.

మీ అన్నయ్య