122 క్రెడిట్లు ఉన్నా బైబిల్ విభాగం "అసంపూర్ణం" అని వస్తే

పాత కాలేజీలో చదివిన పాత నిబంధన కోర్సు బదిలీ అయినా బైబిల్ విభాగం నిండలేదని చూపిస్తోందా? మీ బదిలీ క్రెడిట్లు ఎలక్టివ్‌లలో (ఐచ్ఛిక కోర్సుల్లో) పడి ఉంటాయి. అమెరికా క్రైస్తవ కాలేజీల్లో డిగ్రీకి సాధారణంగా అడిగే 120 క్రెడిట్లు మొత్తం లెక్క మాత్రమే; బైబిల్‌తో సహా సాధారణ విద్యలో (అందరూ చదవాల్సిన కోర్సుల్లో) ప్రతి విభాగమూ విడిగా నిండాలి.

1. డిగ్రీ ఆడిట్‌లో (ఏ విభాగాలు నిండాయో చూపే పట్టికలో) ఎలక్టివ్‌ల వరుస తెరవండి. ఆ పాత నిబంధన కోర్సు అక్కడే కనిపించవచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే. కోర్సు బదిలీ అయినంత మాత్రాన బైబిల్ కోర్సుకు బదులుగా లెక్కకు రాదు. ప్రత్యామ్నాయ కోర్సు దరఖాస్తు విడిగా పెట్టాలి. అప్పటి సిలబస్ తప్పక జతచేయండి. వారంవారీ పాఠాలు, చదివిన పుస్తకాలు అందులో కనిపించాలి. పేరు ఒక్కటే చూసి ఒప్పుకోవడం అరుదు. సలహాదారు సంతకంతో ఆగకండి. రిజిస్ట్రార్ కార్యాలయం ఆడిట్‌లో నమోదు చేసేవరకు పని కానట్టే.

3. పాత కాలేజీది క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్ కంటే చిన్న టర్ములు) అయితే అక్కడి 4 క్రెడిట్లు ఇక్కడి సెమిస్టర్ లెక్కలో 2.67 అవుతాయి. బైబిల్ కోర్సుకు 3 క్రెడిట్లు కావాలంటే ఆ తేడాకు మినహాయింపు కూడా అడగండి.

చాపెల్ (కాలేజీ ప్రార్థన సమావేశాల) హాజరును చాలాచోట్ల వేరుగా లెక్కిస్తారు, అదీ చూసుకోండి. చివరి సెమిస్టర్ నమోదుకు ముందే దరఖాస్తు ఇవ్వండి. తిరస్కరిస్తే ఇక్కడి బైబిల్ కోర్సు తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది.