రొట్టె ముందు, గాలం తర్వాత

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాను. చిన్నప్పుడు కోనసీమలో మా కాలువగట్టున వానపాము గుచ్చి గాలం వేసేవాణ్ణి. ఇక్కడ లాడన్ నది ఒడ్డున డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం కూర్చుంటున్నాను. విల్లో చెట్టు కింద చబ్ చేపలు కనిపిస్తాయి, గాలం వేయగానే మాయమవుతాయి. తెల్లపురుగులు గుచ్చితే చిన్న చేపలే తినేస్తున్నాయి. ఏ ఎర వాడాలి?

జవాబు: ఎర సంగతి తర్వాత. మీకు చబ్ కనిపిస్తోందంటే దానికీ మీరు కనిపిస్తున్నారు. మన కాలువ నీళ్ళు మట్టిరంగు, గట్టున ఎవరున్నా చేపకు తెలియదు. తేటనీటి చబ్‌కు ఒడ్డున అడుగు పడినా తెలుస్తుంది. న్యూబరీ దగ్గర కెన్నెట్ నదిపై నా మొదటి చలికాలమంతా ఒకే చోట కూర్చుని పాడుచేసుకున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఒకే చోట కూర్చోకండి.

ఒక తెల్ల బ్రెడ్ ప్యాకెట్ తీసుకెళ్ళండి. కొమ్మలు నీటిపైకి వంగినచోట, చెత్త పేరుకుని తెట్టు కట్టినచోట, నాలుగైదు తావులు ఎంచుకోండి. తడిపి పిండిన బ్రెడ్ ఒక్కో గుప్పెడు, ప్రవాహానికి కాస్త ఎగువన జారవిడిచి ముందుకు నడవండి. గాలం మాత్రం అప్పుడే వేయొద్దు. ఇరవై నిమిషాల తర్వాత మొదటి తావుకు రండి, వంగి, నెమ్మదిగా. అప్పటికి వాటికి భయం పోయి తిండి రుచి తగిలి ఉంటుంది. ఒకటి పడితే అది చేసే గలాటాకు మిగతావి బెదురుతాయి. అక్కడ ఆపి తర్వాతి తావుకు వెళ్ళండి.

ఐదు పౌండ్ల బరువు తట్టుకునే లైను, 8వ నంబరు గాలం చాలు. బరువు గుండ్లు అడుగున అంతంత మాత్రంగా నిలిచేటన్నే పెట్టండి. తాజా బ్రెడ్ ముక్కను గాలం కాడ దగ్గర మాత్రమే నొక్కండి. అంచులు మెత్తగా వదిలేస్తే నీటిలో ఉబ్బుతాయి.

వాన పడి నీరు గోధుమరంగుకు తిరిగితే బ్రెడ్ కనిపించదు, వాసన కావాలి. అప్పుడు చీజ్ ముద్ద లేదా డబ్బా మాంసం ముక్క. చీజ్ ముద్ద చన్నీటిలో గట్టిపడుతుంది, గాలం మొన చేప నోటికి దిగదు. అందుకే బ్రెడ్ కలిపి బాగా మెత్తగా పిసకండి. వేసవిలో అయితే బరువేమీ లేకుండా తేలే బ్రెడ్ అంచు, లేదా ఒక స్లగ్, అంటే గుల్ల లేని నత్త. చబ్ దానికోసం పరుగెత్తుకొస్తుంది.

చలికాలంలో చీకటి పడే ముందు గంట వదులుకోకండి. గాలం తీయడానికి ఫోర్సెప్స్ వాడండి. చబ్ గొంతులో నలిపే పళ్ళుంటాయి, వేలు పెట్టొద్దు. వదిలేటప్పుడు తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తనంతట తాను ఈదేదాకా ఆగండి. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదుల్లో ఈ వేట బంద్, కాబట్టి ఈ ఆదివారమే వెళ్ళండి.