పింఛను అర్జీలో దొరికే దారి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇండియానాలో స్థిరపడిన ఆ కుటుంబం కథ రాస్తున్నావని తెలిసి సంతోషించాను. మూలపురుషుడు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడాడన్న ఇంటిమాట తప్ప ఆధారమేదీ లేదన్నావు. అయితే ముందు అతని పింఛను ఫైలు వెతుకు. 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి తొలినాటి సైనిక పత్రాలు చాలా పోయాయి. మిగిలిన హాజరు పట్టీల్లో పేరు, దళం, కెప్టెన్ ఎవరన్నది ఉంటాయంతే. మనిషి జీవితం బయటపడేది అర్జీలో.

1832 చట్టం ఆరు నెలలు పనిచేసిన మిలీషియా (స్థానిక పౌరసేన) వాళ్ళకూ పింఛను ఇచ్చింది. ముసలివాళ్ళు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో ప్రమాణం చేసి చెప్పుకున్నారు. అడగాల్సిన ప్రశ్నలు యుద్ధ శాఖే పంపింది: ఎక్కడ, ఏ సంవత్సరం పుట్టావు? వయసుకు రుజువుందా? సైన్యంలోకి పిలిచినప్పుడు ఎక్కడున్నావు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు, ఇప్పుడెక్కడ? నీ అంతట నువ్వే చేరావా, ఇంకొకరికి బదులు వెళ్ళావా? వర్జీనియా నుంచి కెంటకీ, అక్కణ్ణుంచి ఇండియానా దాకా వలసదారి చాలాసార్లు అతని నోటితోనే దొరుకుతుంది. యాభై ఏళ్ళనాటి సంగతులు కాబట్టి సంవత్సరాలు తప్పుతాయి. అతను చెప్పిన అధికారుల పేర్లు, యుద్ధాలతో సరిచూసుకో.

ఈ ఫైళ్ళు వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగులో ఉన్నాయి. కొన్నిచోట్ల ఎంపిక చేసిన పేజీలే పెడతారు, వాటితో సరిపెట్టుకోవద్దు. నంబరుకు ముందు 'ఎస్' ఉంటే సైనికుడి ఫైలు, 'డబ్ల్యూ' ఉంటే అతని వితంతువుది. పెళ్ళి రుజువు కోసం ఇంటి బైబిల్లో పిల్లల పుట్టినరోజులు రాసుకున్న పేజీని చింపి పంపిన వితంతువులున్నారు. 'ఆర్' అంటే తిరస్కరించినది. అది చూసి అతను అబద్ధమాడాడని రాసేయకు. సేవ ఆరు నెలలకు తగ్గినా, సాక్ష్యం చాలకపోయినా కొట్టేశారు. వాంగ్మూలం మాత్రం పూర్తిగా ఉంటుంది. 1820 నాటి అర్జీలు ఇంకా విలువైనవి. పేదరికం నిరూపించుకోవడానికి ఇంట్లో ఉన్న ఆవు, కుండ, కుర్చీ దాకా జాబితా ఇవ్వాల్సి వచ్చింది. ఆ జాబితా నీ చేతిలో ఉంటే అతని ఇంటిని ఊహించి వర్ణించాల్సిన పనే లేదు.

అసలు చిక్కు ఒకే పేరున్న వాళ్ళతో వస్తుంది. అప్పట్లో 'సీనియర్', 'జూనియర్' అని రాస్తే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒకే ఊళ్ళో పెద్దవాడు, చిన్నవాడు అంతే. భార్య పేరు, కెప్టెన్ ఏ కౌంటీవాడు, చుట్టుపక్కల ఎవరున్నారు, ఈ మూడూ కలిస్తేనే మనవాడని తేల్చుకో.

1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు వయసుల వారీగా అంకెలు. ఆ ఖాళీని వర్జీనియాలో 1782 నుంచి ఉన్న పన్ను జాబితాలు పూడుస్తాయి. ఒక ఏడాది పేరు మాయమైతే వలసపోయాడనే అనుకోకు, కౌంటీ రెండుగా చీలి ఉండొచ్చు. కెంటకీ 1792 దాకా వర్జీనియాలో భాగం. కాబట్టి 1850 లెక్కల్లో 'పుట్టింది వర్జీనియా' అని ఉన్న పెద్ద కొడుకు నిజానికి కెంటకీ గడ్డమీదే పుట్టి ఉండొచ్చు. ఇండియానాలో ప్రభుత్వ భూమి కొని ఉంటే టౌన్‌షిప్, సెక్షన్ (భూమిని కొలిచి విడదీసిన చదరాలు) నంబర్లతో పట్టా దొరుకుతుంది. 1820 తర్వాత ఎకరం డాలరుంపావు, మొదట్లో కనీసం 80 ఎకరాలు, మొత్తం రొక్కం.

ఇంకొకటి. ఆ కుటుంబం 1785లో వర్జీనియా నుంచి కెంటకీకి వెళ్ళే కంబర్లాండ్ కనుమ దాటిందని రాస్తే బండి ఎక్కించకు. ఆ బాట బండ్లకు తెరుచుకున్నది 1796లో. అంతకుముందు సామానంతా గుర్రాల వీపుల మీదే.

ఫైలు చేతికి రాగానే నాకు రాయి. 1832 వాంగ్మూలం చివర ఒక పాస్టరు, ఒక ఇరుగుపొరుగు మనిషి అతని తరఫున సంతకం చేసి ఉంటారు. ఆ ఇరుగుపొరుగు మనిషి కూడా వర్జీనియా నుంచి కలిసి వచ్చినవాడేమో చూడు, అతనికీ పింఛను ఫైలుంటే అదీ తెప్పించు.